గోడ మీద రిపెకా చోటు

సినిమా మొత్తం నలభై ఎనిమిది నిమిషాలు. అందులో ఎరానా ప్రాణాలు తోడేస్తున్నది ఒకే ఒక్క షాటు. ముప్పై ఒకటో నిమిషంలో వస్తుంది, తొమ్మిది సెకన్లు ఉంటుంది, వెళ్ళిపోతుంది. ఆ తొమ్మిది సెకన్లకు జడిసి ఆక్లాండ్ నుంచి వచ్చే దారిలో మూడుచోట్ల కారు ఆపింది. వెనక్కి తిప్పేద్దామా అనుకుంది. తిప్పి ఎక్కడికి పోతుంది? శనివారం మధ్యాహ్నం రెండింటికి సినిమా వేస్తానని మాటిచ్చేసింది. ఈపాటికి ఊరి జనం తమ వంశపు తాతమ్మ పేరు పెట్టుకున్న ఆ చెక్కడాల ఉమ్మడి ఇంట్లో కిటికీలకి దుప్పట్లు కట్టి, నేల మీద పరుపులు పరుస్తుంటారు.

"ముందు మనింట్లో చూపించు. ఆ తర్వాత లోకమంతా తిప్పుకో," అన్నాడు రాపతా తాత, షూటింగుకి ఒప్పుకున్నరోజే. రాపతా ఎరానా అమ్మమ్మకి తమ్ముడు. డెబ్భై ఆరేళ్ళ మనిషి. ఆ ఇంట్లో మేకు కొట్టాలన్నా, మేకు పీకాలన్నా ఆయన నోటిమాట కావాలి.

పక్క సీట్లో ఇల్సా కూర్చుని పండు కొరుక్కుతింటోంది. జర్మనీ పిల్ల. ఎరానా జాతివాళ్ళు, మావోరీలు రాసిన పుస్తకాలు చదివి, తీసిన సినిమాలు చూసి, ఆ కథలు పుట్టిన ఊళ్ళు ఎలా ఉంటాయో చూద్దామని వీపుకి సంచీ తగిలించుకుని ఆర్నెల్లుగా తిరుగుతోంది. ఎరానా రాసిన కథల పుస్తకం కూడా చదివిందట. వరదలో కూతురు కొట్టుకుపోతే ముప్పై ఏళ్ళు నది ఒడ్డునే కూర్చున్న తల్లి కథ అది, ఇప్పుడు సినిమా అయింది కూడా ఆ కథే. "ఆ ఇల్లు చూపిస్తావా?" అని అడిగితే ఎరానా సరేనంది. కారులో ఇంకో మనిషి ఉంటే తన భయం కాస్త తగ్గుతుందేమోనని ఆశపడింది, ఏమీ తగ్గలేదు.

"ఎందుకలా ఉన్నావు? నీ సినిమా నీ ఊళ్ళో వేస్తున్నావు, సంతోషంగా ఉండాలి కదా!" అంది ఇల్సా.

"కడుపులో బాగోలేదు," అంది ఎరానా. అబద్ధం కూడా కాదు అది.

సంగతేమిటంటే, ఆ చావుబతుకుల షాటులో ఆ చెక్కడాల ఇంటి గోడ మీద ఒక పడుచుపిల్ల ఫొటో కనబడుతుంది. కథలో చచ్చిపోయిన కూతురి ఫొటో. తల్లి వచ్చి దాని ముందు నిలబడుతుంది. నిర్మాత పంపిన ఫొటో చూస్తే పళ్ళపొడి ప్రకటనలా ఉంది. బయట వాన, కెమెరా అద్దె ఆ రోజుతో ఆఖరు, జనం అప్పటికే సామాన్లు సర్దుతున్నారు. ఎరానా సంచీలో మాత్రం అమ్మమ్మ హేని పడుచుదనం నాటి ఫొటో ఒకటుంది. ఆ కాలం గౌను కుట్టించడానికి నమూనాగా అడిగి తెచ్చుకుంది. చటుక్కున తీసి, ఫ్రేములో దూర్చి, గోడ మీద పోయినవాళ్ళ ఫొటోల మధ్య తగిలించింది. రెండు నిమిషాలు. షాటు తీసింది, ఫొటో దించేసింది. ఎవరూ చూడలేదు.

బతికున్న మనిషి ఫొటోని పోయినవాళ్ళ మధ్య తగిలించింది! పరాయివాళ్ళయితే తెలియక చేశారనుకోవచ్చు. ఈ మహాతల్లికి తెలుసు. నడకతోపాటు నేర్చుకున్న కట్టుబాటు అది. తెలిసి తెలిసీ, రెండు నిమిషాలే కదా అనుకుంది. మూడు వారాలకి హేని అమ్మమ్మ బట్టలు ఆరేస్తూ ఆరేస్తూ తీగ కిందే కుప్పకూలిపోయింది. గుండె.

షాటు కోసేస్తే పోయేది కదా అంటారా? గురువారం కోసేసింది కూడా. కానీ కెనడాలో సినిమా పండగకి వెళ్ళాల్సిన కాపీ నిర్మాత ఎప్పుడో పంపేశాడు, ఆ షాటుతోనే. ఇవాళ దాస్తే వచ్చే నెల ఎవడో ఒక మేనల్లుడు ఫోన్లో చూసి అమ్మమ్మకి చూపిస్తాడు. అందుకని శుక్రవారం మళ్ళీ అతికించింది. సినిమా మొదలవకముందే అమ్మమ్మని పక్కకి పిలిచి, కాళ్ళమీద పడి చెప్పేద్దామనుకుంది. తల్లి పోయాక ఆరేళ్ళ పిల్లని చేరదీసి పెంచిన మనిషికి ఆ మాత్రం చెప్పలేనా అని దారి పొడుగునా తనకి తనే ధైర్యం చెప్పుకుంది.

*

ఆ ఇంటి చుట్టూ ఊరందరూ కూడే ఆవరణ, మరాయ్, గేటు దగ్గర కాటరీనా పిన్ని వచ్చినవాళ్ళని రమ్మనే పిలుపు రాగం తీసి గొంతెత్తి పిలిచింది. ఆ పిలుపు విని ఎరానా ఎన్నిసార్లు గేటు దాటిందో లెక్కలేదు గాని, ఇవాళ ఇల్సా వెనక నక్కి నడిచింది. పలకరింపులయ్యాయి, ముక్కూ ముక్కూ తాకించుకోవడాలయ్యాయి. అమ్మమ్మ నలుగురు ఆడవాళ్ళ మధ్య కుర్చీలో కూర్చుని ఉంది. చిక్కి సగమైపోయింది. ఎరానా ముఖాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, నుదురూ ముక్కూ ఆనించి, చాలాసేపు వదల్లేదు.

"ఏమే, నగరంలో తిండి దొరకదా? కర్రలా తయారయ్యావు!" అంది.

"నీతో ఒక్క మాట చెప్పాలి అమ్మమ్మా."

"చెప్పు."

నలుగురు ఆడవాళ్ళూ చెవులు రిక్కించారు. "తర్వాత చెబుతాలే," అంది ఎరానా. ఆ తర్వాత ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

ఎలాగూ వచ్చారు కదా అని కాటరీనా పిన్ని ఇద్దర్నీ వంటింట్లోకి తోసింది. కాటరీనా ఆ వంటింటికి మకుటంలేని మహారాణి. పార్లమెంటు మంత్రి వచ్చినా ముందు చేతికి కత్తిచ్చి కూమరా దుంపల చెక్కు తీయిస్తుంది. ఇల్సాకి ఒక బకెట్టు, ఎరానాకి ఒక బకెట్టు.

"ఇంట్లో గోడ నిండా ఫొటోలు చూశాను," అంది ఇల్సా చెక్కు తీస్తూ. "అందరూ పెద్దవాళ్ళే, పాత ఫొటోలే. మీ ఫొటో ఎక్కడా లేదేం?"

వంటింట్లో ఇద్దరు ముగ్గురు ఫక్కున నవ్వారు.

"నా ఫొటో కావాలా? అంత తొందరేమొచ్చిందమ్మా నీకు? నేనింకా రొట్టెలు కాల్చాలి," అంది కాటరీనా. తర్వాత ఆ పిల్ల ముఖం చిన్నబోవడం చూసి మెత్తబడింది. "అక్కడ ఉన్నవాళ్ళంతా వెళ్ళిపోయినవాళ్ళు తల్లీ. వాళ్ళతో మాట్లాడతాం, వాళ్ళ పక్కన పడుకుంటాం, ఏడుస్తాం. ఊపిరున్నవాళ్ళ బొమ్మ మాత్రం ఆ గోడకి ఎక్కించం. ఎక్కించామా, రా రమ్మని పిలిచినట్టే."

"పిలిస్తే?"

"పోతారు," అంది కాటరీనా, కూమరా ముక్క నీళ్ళలో వేస్తూ. "మా హేని పెద్దమ్మకి ఏం తక్కువైందని? ఏప్రిల్లో రాయిలా ఉంది. బంగాళాదుంపల మూట ఎత్తేది. ఉన్నట్టుండి పడిపోయింది. ఎవరో ఏదో చేశారు. రాపతా మామ ఊరకే అనడు."

ఎరానా చేతిలో కత్తి జారి బొటనవేలు తెగింది. బొటబొటా రక్తం కారి దుంపల మీద పడింది.

"చూశావా! సినిమాలు తీసే చేతులు వంటకి పనికిరావు," అని కాటరీనా ఆ బకెట్టు నీళ్ళు పారబోసి, వేలికి గుడ్డ చుట్టింది. "ఎందుకే వణుకుతున్నావు? చిన్న గాటే."

*

వసారాలో అమ్మమ్మ ఒక్కతే కూర్చున్న సందు దొరికింది. ఎరానా పరిగెత్తినట్టే వెళ్ళి పక్కన చతికిలబడింది. సంచీలోంచి ఫ్రేము తీయబోయింది.

"అమ్మమ్మా, నేనొక తప్పు చేశాను."

"ఒకటేనా? పర్లేదు, బాగుపడ్డావు."

"నవ్వులాట కాదు. షూటింగప్పుడు..."

"షూటింగప్పుడు ఏమైంది?" అంటూ రాపతా తాత తలుపులోంచి బయటికొచ్చాడు. చేతికర్ర నేలకి ఆనించి నిలబడ్డాడు. "నేనూ అదే అడుగుతున్నా అందర్నీ. నాలుగు రోజులు ఇల్లు మీకిచ్చాం. లోపల కూడు తిన్నారా? బూట్లతో తిరిగారా? బయటివాళ్ళు ఎవరైనా వెళ్ళకూడని చోటికి వెళ్ళారా? మా అక్క ఊరికే పడిపోలేదు."

"డాక్టరు కొవ్వన్నాడురా," అంది హేని.

"ఆ డాక్టరుకేం తెలుసు? ఎరానా, నువ్వు చెప్పు. నీ మనుషుల్లో ఎవరైనా ఏమైనా చేశారా?"

ఆయన కళ్ళు సూటిగా తన కళ్ళలోకే చూస్తున్నాయి. నేనే తాతా అనేస్తే సరిపోయేది. ఎరానా సంచీ మూతి బిగించేసింది.

"నా మనుషులెవరూ ఏమీ చెయ్యలేదు తాతా," అంది.

ఎంత గడుసు జవాబు! తన మనుషులు చెయ్యలేదు మరి, తనే చేసింది. ఆ మాట నోట్లోంచి బయటపడగానే ఎరానాకి తన మీద తనకే అసహ్యం పుట్టింది.

"అయితే పద, వేళయింది," అన్నాడు రాపతా.

*

చెప్పులు గుమ్మం బయట విడిచి అందరూ లోపలికెళ్ళారు. అరవై మందికి పైనే ఉంటారు. దుప్పట్లు కట్టినా అంచుల్లోంచి ఎండ సన్నగా పడుతోంది. వెనక గోడకి తెల్ల దుప్పటి, దాని పక్కన, పైన, చుట్టూ పోయినవాళ్ళ ఫొటోలు. ఆ గోడ మధ్యలో రెండు ఫొటోల నడుమ అరచేయంత ఖాళీ ఉంటుంది ఎప్పుడూ. ఊళ్ళో అందరికీ తెలుసు అది ఎవరి చోటో. హేనికి కవల రిపెకా. పదిహేడేళ్ళప్పుడు వరదలో కొట్టుకుపోయింది. మనిషీ దొరకలేదు, ఇల్లు కూడా అదే వరదలో పోవడంతో ఫొటో ఒక్కటీ మిగల్లేదు. వాళ్ళమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ ఖాళీ ముందే నిలబడి మాట్లాడేదట. ఎరానా కథ రాసింది ఆ మాట విన్నాకే.

అమ్మమ్మకి ముందు వరసలో తెరకి నాలుగడుగుల దూరంలో పరుపు వేశారు, వెనక మూడు దిళ్ళు పెట్టారు. ఎరానా పక్కన చిన్న బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని కూర్చుంది. రాపతా ప్రార్థన చేశాడు. సినిమా మొదలైంది.

మొదటి పది నిమిషాలూ జనం నవ్వుతూనే ఉన్నారు. తెర మీద తమ నది, తమ వంతెన, తమ కుక్క. "అది మా బండేనే!" అని ఒకడు అరిచాడు. "కడగొచ్చుగా సినిమా కోసమైనా," అంది కాటరీనా. పదిహేనో నిమిషంలో వరదొచ్చింది. నవ్వులాగిపోయాయి. ఇరవయ్యో నిమిషంలో తల్లి నది ఒడ్డున కూర్చుంది. వెనకెవరో ముక్కు చీదారు.

ఎరానా తెర చూడట్లేదు, కింద కదిలే అంకెల్నే చూస్తోంది. ఇరవై నాలుగు. ఇరవై ఆరు. వేలు మీటకి ఒక అంగుళం దూరంలో ఉంది. నొక్కితే ఆగిపోతుంది. ఆగిపోతే లేచి నిలబడి చెప్పాలి. చెబితే ఏమవుతుంది? అమ్మమ్మని చంపబోయిందీ పిల్లే అంటారు. ఈ గుమ్మం ఇంక తొక్కనివ్వరు. చెప్పకపోతే? అమ్మమ్మ గుండె అసలే అంతంతమాత్రం, పోయినవాళ్ళ మధ్య తన ముఖం తను చూసుకుంటుంది. అక్కడికక్కడే ఏదైనా అయితే? ఇరవై ఎనిమిది. గాటు పడ్డ వేలు సలుపుతోంది.

ముప్పై. నొక్కు, నొక్కవే మొద్దూ, అని తనని తనే తిట్టుకుంది. తెర మీద తల్లి చెప్పులు విడిచింది. గుమ్మం దాటింది. గోడకేసి నడుస్తోంది. ఎరానా లేచి నిలబడింది. "ఆగండి," అనబోయింది.

ఫొటో వచ్చింది.

పంతొమ్మిదేళ్ళ హేని తెర నిండా నిలబడి నవ్వుతోంది. చుక్కల గౌను, చేతులు మోచేతుల దాకా మడిచిన కోటు, ఒక పక్కకి ఒరిగిన తల. కాటరీనా గుండెమీద చెయ్యి వేసుకుని "అమ్మో!" అంది. ఎరానా అప్పుడు నొక్కింది మీట. ఎప్పుడు నొక్కాలో అప్పుడు నొక్కని చెయ్యి, నొక్కకూడని క్షణాన నొక్కింది. బొమ్మ అలాగే తెర మీద నిలిచిపోయింది.

"దీపాలు," అన్నాడు రాపతా. "ఎవరు పెట్టారు అది గోడ మీద? మా అక్క బొమ్మ పోయినవాళ్ళలో ఎవరు పెట్టారు?"

"అది నా బొమ్మని నీకెవరు చెప్పార్రా?" అంది హేని.

అందరూ అటు తిరిగారు. ముసలామె దిళ్ళ మీంచి ముందుకి వంగి తెరనే చూస్తోంది. చెంపల మీద నీళ్ళు కారిపోతున్నాయి.

"అది రిపెకా," అంది. "నా రిపెకా. కళ్ళు పోయాయా మీకు?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి ఇల్లు కదిలిపోయింది. ఆడవాళ్ళు ఒక్కసారిగా గొల్లుమన్నారు. కాటరీనా లేచి తెర దగ్గరికెళ్ళి, ఆ బొమ్మనే పేరుపెట్టి పిలుస్తూ, ఇన్నేళ్ళు ఎక్కడున్నావు తల్లీ అని రాగం తీసి ఏడ్చింది. రాపతా కర్ర జారి కిందపడింది. అక్క పోయినప్పుడు ఆయన పన్నెండేళ్ళ పిల్లాడు. ఇద్దరు అక్కల్లో ఎవరు ఎవరో బతికున్నప్పుడే పోల్చుకోలేకపోయేవాడు, ఇప్పుడేం పోల్చుకుంటాడు?

"ఫొటో ఉందా? ఎక్కడ దొరికింది అక్కా?" అన్నాడు చంటిపిల్లాడిలా.

"నా పెట్టెలో ఉండేది. చూపించే ధైర్యం లేక దాచాను. దీనికి నేనే ఇచ్చాను," అంది హేని, ఎరానావైపు చూడకుండానే.

ఎరానాకి మతిపోయింది. బతికాను అనుకుంది ముందు. అలా అనుకున్నందుకు సిగ్గేసింది తర్వాత. ఆ సిగ్గు పూర్తిగా రాకముందే రాపతా చెయ్యి చాచాడు.

"తీసుకురా ఫొటో. ఇవాళే తగిలిద్దాం. అరవై నాలుగేళ్ళు నిలబెట్టాం ఆ పిల్లని బయట. ఇంక ఒక్క గంట కూడా నిలబెట్టను. సుత్తి తెండ్రా ఎవరైనా!"

సుత్తి వచ్చింది. మేకు వచ్చింది. ఆ ఖాళీలో రాపతా తన చేత్తోనే మేకు కొట్టాడు, మూడు దెబ్బలు. ఎరానా సంచీలోంచి ఫ్రేము తీసి ఇచ్చింది. ఇవ్వకుండా ఎలా ఉంటుంది, అరవై మంది చూస్తుంటే? అమ్మమ్మవైపు చూసింది. నోరు మూసుకో అన్నట్టు ఒక్క చూపు చూసింది అమ్మమ్మ. చిన్నప్పుడు చర్చిలో అల్లరి చేస్తే చూసిన చూపే అది.

"తేదీ ఏమైనా ఉందేమో చూద్దాం, కింద రాయాలిగా," అంటూ రాపతా జేబుకత్తితో ఫ్రేము వెనక అట్ట తీశాడు. ఫొటో తిరగేసి కళ్ళు చిట్లించాడు. "ఏదో రాసుంది. కళ్ళజోడు వంటింట్లో మర్చిపోయాను. ఇదిగో ఎరానా, నువ్వు చదువు. గట్టిగా చదువు, అందరూ వినాలి."

ఫొటో చేతికొచ్చింది. వెనక ఏముందో చూడక్కర్లేదు ఎరానాకి. అమ్మమ్మ చేతిరాత: హేని, గొర్రెల ఉన్ని షెడ్డు దగ్గర, 1961. రిపెకా పోయింది 1959లో.

చదివితే అమ్మమ్మ ఆ తాతమ్మ పేరిటి ఇంట్లో కూర్చుని, పోయినవాళ్ళ ముందు అబద్ధమాడిన మనిషవుతుంది. చదవకపోతే ఇంకో అర నిమిషంలో బతికున్న అమ్మమ్మ ఆ మేకుకి వేలాడుతుంది. ఈసారి రెండు నిమిషాలు కాదు, ఎప్పటికీ. ఏదో ఒక తేదీ నోటికొచ్చింది చెప్పేస్తే పోతుంది. ఎవరికీ తెలియదు. తప్పు తప్పిపోతుంది, సినిమా మిగుల్తుంది.

ఎరానా గోడకేసి చూసింది. ఆ మేకు కొత్తగా మెరుస్తోంది.

"హేని," అని చదివింది. "గొర్రెల ఉన్ని షెడ్డు దగ్గర. పంతొమ్మిది వందల అరవై ఒకటి."

ఏడుపులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"నేనే పెట్టాను తాతా," అంది ఎరానా. ఇప్పుడు మాట ఆగట్లేదు. "షూటింగు ఆఖరి రోజు. ఈ చేత్తోనే. తెలిసే పెట్టాను, రెండు నిమిషాలకి ఏమవుతుందిలే అనుకున్నాను. అమ్మమ్మ పడిపోయిందని ఫోనొచ్చినప్పుడు తెలిసింది ఏం చేశానో. ఇందాక నువ్వు అడిగితే తప్పించుకున్నాను. అమ్మమ్మ నాకోసం అబద్ధమాడింది. ఏమనాలన్నా నన్నను."

రాపతా ముఖం నల్లబడిపోయింది. నెమ్మదిగా అక్కవైపు తిరిగాడు.

"ఈ కప్పు కిందా అక్కా? అమ్మ ఫొటో చూస్తుండగానా?"

"అమ్మ చూడాలనే," అంది హేని. "దీనికోసం ఆడాను, నిజమే. నా మనవరాల్ని మీరంతా కలిసి పీక్కుతింటుంటే చూస్తూ కూర్చుంటానా? కానీ దీనికోసం మాత్రమే కాదు. అమ్మ నన్ను కూర్చోబెట్టి జడేస్తూ నా ముఖంలో దాన్ని వెతుక్కునేదిరా. నన్ను రిపెకా అని పిలిచి, నాలిక కరుచుకునేది. చచ్చేముందు కూడా ఆ ఖాళీ చూపించి అడిగింది. నా దగ్గరున్నది దాని ముఖమే. అది పదిహేడేళ్ళకి ఆగిపోయింది, నేను ముసలిదాన్నయిపోయాను. ఎనభై ఒకటి నాకు. ఆ గోడ పిలిస్తే పిలవనీ. రేపో మాపో ఎలాగూ పోయేదాన్నే, దాని ముఖం దానికిచ్చి పోతాను. తగిలించు."

"తగిలించను."

"తగిలించరా రాపతా."

"నేను బతికుండగా తగిలించను!" అని అరిచాడు రాపతా. కళ్ళ నిండా నీళ్ళు. "ఒక అక్కని నీళ్ళకిచ్చాను. రెండో అక్కని నా చేత్తో నేను మేకుకి కొట్టాలా? నాకెవరున్నారే నువ్వు తప్ప?"

గుమ్మం దగ్గర కూర్చున్న ఇల్సా చేతులు ఒళ్ళో పెట్టుకుని తలవంచేసింది. ఆ పిల్లకి భాష సగమే తెలుసు, సగం తెలియక్కర్లేకుండానే అర్థమైంది.

రాపతా కళ్ళు తుడుచుకున్నాడు. ఎరానా చేతిలోంచి ఫొటో తీసుకుని, వెళ్ళి అక్క ఒళ్ళో పెట్టాడు.

"లే," అన్నాడు. "దీన్ని నువ్వే బయటికి తీసుకుపో. నీ కాళ్ళతో నడిచి. గోడ మీదికి నిన్ను ఎవరెక్కించినా, నువ్వు దిగి బయటికి నడిచావని అందరూ చూడాలి."

హేని లేవడానికి చెయ్యి చాచింది. కాటరీనా పట్టుకోబోతే రాపతా వద్దన్నాడు. "ఎవరూ పట్టుకోవద్దు."

తెర దగ్గర్నుంచి గుమ్మానికి ముప్పై అడుగులుంటుంది. హేని ఫొటోని రొమ్ముకి ఆనించుకుని నడిచింది. నాలుగో స్తంభం దగ్గర ఆగింది. పెదాలు తెల్లబడ్డాయి. ఎరానా ఒక్క అడుగు ముందుకేసింది గాని, రాపతా కర్ర అడ్డం పెట్టాడు. ముసలామె స్తంభానికి చెయ్యి ఆనించి, ఊపిరి పీల్చి, మళ్ళీ ఊపిరి పీల్చి, మళ్ళీ కదిలింది. జనం పరుపుల మీంచి కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. కాటరీనా సన్నగా పిలుపు అందుకుంది. ఈసారి పోయినవాళ్ళని పిలిచే పిలుపు కాదు, బతికున్న మనిషిని వెలుగులోకి రమ్మనే పిలుపు. హేని గుమ్మం దాటి ఎండలో అడుగుపెట్టింది.

బయట కుళాయి దగ్గర రాపతా అక్క తలమీద, ఫొటో మీద నీళ్ళు చల్లి ప్రార్థన చదివాడు. తర్వాత ఎరానా తలమీద కూడా చల్లాడు, కాస్త ఎక్కువే, విసురుగానే. చన్నీళ్ళు మెడలోంచి వీపు మీదికి జారాయి.

"ఆ సినిమా కెనడా వెళ్ళదు," అన్నాడు.

"వెళ్ళదు తాతా. ఇవాళే ఫోన్ చేసి వెనక్కి తెప్పిస్తాను."

"ఆ ముక్క తీసెయ్."

"తీసేస్తాను."

"దాని బదులేం పెడతావు?"

ఎరానా తెరిచి ఉన్న గుమ్మంలోంచి లోపలికి చూసింది. దుప్పట్లు విప్పుతున్నారు. వెనక గోడ మీద ఎండ పడుతోంది. అందరి మధ్యా ఆ కొత్త మేకు ఒంటరిగా ఉంది, ఎవరూ పీకలేదు.

"అదే," అంది. "అదే పెడతాను. ఒప్పుకుంటే."

రాపతా ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. "కెమెరా తెచ్చావా?" అన్నాడు. ఇల్సా అప్పటికే కారు తాళాల కోసం చెయ్యి చాచి నిలబడింది.

వసారా మెట్టు దిగువన, వంటింటి వైపు బెంచీ మీద హేని కూలబడింది. ఎరానా వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చుంది. క్షమించమనే మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక అమ్మమ్మ పాదాలు పట్టుకుంది.

"వదులు, చక్కిలిగింతలు," అంది హేని. ఫొటోని తువ్వాలులో చుట్టి మనవరాలి చేతికిచ్చింది. "ఇది నీ దగ్గరే ఉంచు. నా రోజు వచ్చినప్పుడు ఆ మేకుకే తగిలించు. ఒక్క ఫొటోయే. కింద పేర్లు మాత్రం రెండు రాయి. దాని పేరు ముందు రాయి, అది నాకన్నా పావుగంట పెద్దది."

ఎరానా ఏడ్చేసింది. పొద్దుట్నుంచీ బిగబట్టినదంతా కట్టలు తెంచుకుంది.

"ఏడిస్తే కడుపు నిండదే," అంది హేని, వంటింటి కిటికీకేసి తిరిగి. "కాటరీనా! చావలేదు నేను, వినబడిందా? రొట్టె పట్రా!"

కాటరీనా వేడి వేడి రొట్టె వెన్న రాసి తెచ్చింది. అందరూ చూస్తుండగా హేని పెద్ద ముక్క కొరికి, నమిలి, మింగింది.